ఆక్రమణల తొలగింపు

నిన్నటి సంగతి. నడుం నొప్పి ఉండగానే రాసేయాలి. తగ్గిందంటే దాంతోపాటు కోపమూ తగ్గిపోతుంది.

మా తోడల్లుడు వియత్నాం రాజధాని హనోయ్ నగరం మొత్తాన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టుకొచ్చాడు. పొద్దున్నే హో చి మిన్ సమాధి. అక్కడ నిక్కర్లు కుదరవు, జేబులో చేతులు కుదరవు, భౌతికకాయం ముందు ఆగడం అసలే కుదరదు. క్యూ నడుస్తూనే ఉండాలి. రోజు మొత్తంలో షీటు ప్రకారం జరిగింది అదొక్కటే, అదీ ఆగనివ్వరు గనక. తర్వాత వాన్ మియెవ్. 1070లో కన్ఫ్యూషియస్ పేర కట్టిన చదువుల గుడి. రాజుల కాలంలో పెద్ద పరీక్షలు గట్టెక్కిన వాళ్ల పేర్లు చెక్కిన శిలాఫలకాలను 82 రాతి తాబేళ్లు వీపున మోస్తుంటాయి. పరీక్షల ముందు పిల్లలొచ్చి వాటి తలలు నిమిరి నిమిరి అరగదీస్తున్నారని కంచె కట్టేశారు. మా తోడల్లుడికి కొడుకు ఎంసెట్ ర్యాంకు గుర్తొచ్చింది. చెయ్యి చాపాడు, అందలేదు. సెల్ఫీ స్టిక్ పొడుగు చేసి దాంతో తాబేలును ఆశీర్వదించబోయాడు. గార్డు వచ్చాడు. ఆ పంచాయితీ తేలేసరికి ముప్పావు గంట పోయింది. ఆ ముప్పావు గంట షీట్‌లో వెతికి చూడండి, కనబడదు.

మధ్యాహ్నానికి అక్కడి పాత బస్తీకి చేరాం. రోడ్లు ఎలా దాటామన్నది వదిలేద్దాం. కోఠిలో దాటినవాణ్ణి, నాకు అదో లెక్క కాదు.

షీట్‌లో భోజనం గడిలో 'బున్ దౌ, ఫుట్‌పాత్' అని ఉంది. పక్కనే ఫ్యాన్లూ, మనుషుల ఎత్తు బల్లలూ ఉన్న హోటలుంది. ఆ మాటే అన్నాను.

"అన్నయ్యా, అక్కడ టూరిస్టులు తింటారు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నెత్తిన గడ్డి టోపీ, మెడలో పాస్‌పోర్టు సంచీ, చేతిలో ఆ స్టిక్కూ ఉన్నాయి.

"మరిదిగారు అంత కష్టపడి రాసుకొచ్చారు, కూర్చోండి" అంది మా ఆవిడ.

బండి దగ్గరి అమ్మ అందరికీ మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూళ్లేసింది. నన్ను మాత్రం ఓసారి ఎగాదిగా చూసి, ప్రత్యేక మర్యాదగా, చేతులున్న నీలం కుర్చీ తెచ్చింది. మన ఎల్‌కేజీ పిల్లల కుర్చీ సైజు. ఇక్కడో విషయం మనవి చేయాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని ఎంతసేపైనా కూర్చోగలను. కుర్చీలో అయితే పాతికేళ్లుగా ఆఫీసులో కూర్చుంటూనే ఉన్నాను. ఈ రెంటికీ మధ్య ఎత్తులో కూర్చునే పని నా మోకాళ్లకు ఎప్పుడూ పడలేదు. కిందికి దిగడమైతే దిగాను, భూమ్యాకర్షణ దయవల్ల.

వెదురు పళ్లెంలో అరిటాకు, దానిమీద వేయించిన టోఫూ, ముక్కలుగా కోసిన సేమ్యా, దోసకాయ, ఆకులు. మధ్యలో చిన్న గిన్నెలో మామ్ తోమ్. పులియబెట్టిన రొయ్యల ముద్ద, వంకాయ రంగులో, నిమ్మరసం పిండి నురగొచ్చేలా గిలక్కొట్టింది. దాని వాసన మన పక్కన కూర్చోదు, మనకన్నా ముందొచ్చి కూర్చుంటుంది. శనివారం గనక మా ఆవిడ సోయా సాస్ అడిగింది. నేను టోఫూ ముక్క ముంచి ఇంకా నోట్లో పెట్టుకోనే లేదు.

వీధి చివర ఎవరో కేకేశారు. ఆ కేక బండి నుంచి బండికి అందుకుంటూ మా దాకా వచ్చింది. ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించే వార్డు పోలీసుల బండి అట. మన ఊళ్లో ఆక్రమణల తొలగింపంటే ముందు నోటీసు, ఆ పైన ఇంకో నోటీసు, ఆ పైన కోర్టు స్టే, స్థానిక నాయకుడి ధర్నా, ఎప్పటికో జేసీబీ. అక్కడ మైకు వినబడితే చాలు, స్టూలు మాయం. పక్కనున్న కాలేజీ పిల్లలు గిన్నెలు చేత్తో పట్టుకుని లేచి, నములుతూనే గోడకానుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డారు. ఆ అమ్మ నా చేతుల్లో పళ్లెం పెట్టి, బల్ల లాగేసి, స్టూళ్లన్నీ ఒకదాంట్లో ఒకటి దోపి సందులోకి మాయమైంది. మా ఆవిడ లేచింది. మరదలు లేచింది. తోడల్లుడు అందరికన్నా ముందే లేచి ఉన్నాడు.

నేనూ లేచాను. నాతోపాటు కుర్చీ కూడా లేచింది.

పోలీసాయన బండి దిగి చూశాడు. అద్దంలా ఉంది ఫుట్‌పాత్. మొత్తం వీధిలో మిగిలిన ఆక్రమణ నేనొక్కణ్ణే. కుర్చీ వైపు వేలు చూపించాడు. పళ్లెం వైపు కళ్లు తిప్పి, చేతులు ఖాళీ లేవన్నాను. ఆయన కుర్చీ కాలు పట్టుకుని లాగాడు. కుర్చీతోపాటు నేనూ బండి వైపు రెండడుగులు వేశాను. ఇలా లాగితే నన్నే జప్తు చేసేలా ఉన్నారని ఆయనకీ అనిపించిందేమో, వదిలేసి వెనక్కొచ్చి, ఈసారి భుజాలు పట్టుకుని పైకి లేపబోయాడు. మామ్ తోమ్ గిన్నె ఆయన బూటు వైపు ఒరిగింది. ఆయన చప్పున తగ్గాడు. గోడ దగ్గరి పిల్లలు నమలడం ఆపేశారు.

"అన్నయ్యా, ఓసారి ఇటు తిరగండి" అని వినబడింది. స్టిక్ చివర నుంచి.

తిరిగాను. తిరగడంలో కుర్చీ చెయ్యి కరెంటు స్తంభానికి తగిలి ఫటేలుమంది. విముక్తి. పోలీసాయన ఆ విరిగిన కుర్చీని బండిలో పడేసి వెళ్లిపోయాడు. నిమిషాల్లో స్టూళ్లు, బల్లలు, ఆ అమ్మ, అన్నీ యథాస్థానానికొచ్చాయి. కుర్చీకి మాత్రం యాభై వేల డాంగులు అడిగింది, మన లెక్కలో 170 దాకా. ఇచ్చాను.

సాయంత్రం ఎగ్ కాఫీ. 1946లో పాలకు కరువొస్తే న్గుయెన్ వాన్ జాంగ్ అనే ఆయన పచ్చసొన గిలక్కొట్టి కాఫీ మీద వేశాడట. మా ఆవిడ శనివారం. నేను నడుం పట్టేసి బయటే నిలబడ్డాను. మరదలు వాసన చూసి వద్దంది. తోడల్లుడొక్కడే రెండు తాగాడు.

రాత్రి షీటు పంపాడు. ఎగ్ కాఫీ నలుగురికీ సమంగా పంచాడు. కుర్చీ డబ్బు మొత్తం నా గడిలో ఉంది, ఎదురుగా 'వ్యక్తిగతం' అని రాశాడు. నేనింకా దాన్ని ఒప్పుకోలేదు.