పిన్ని సర్దిన సముద్రయానం

మా పిన్ని కొడుకు సెయిలింగ్ బోటులో గోవా నుంచి హిందూ మహాసముద్రం దాటబోతున్నాడని తెలిసినప్పటి నుంచీ బరంపురంలోని వాళ్లింట్లో ఎవరికీ నిద్ర లేదు, ఒక్క వాడికి తప్ప. బోటు గోవాలోనే ఉంది. సిబ్బంది నలుగురూ మాత్రం ఇక్కడ దిగారు, కారణం తారాతారిణి అమ్మవారు. 2017 సెప్టెంబరులో ఆరుగురు నేవీ అమ్మాయిలు గోవాలో బయల్దేరి 2018 మేలో భూమిని చుట్టి వచ్చిన పడవ పేరు 'తారిణి'. ఆ పేరు రుషికుల్య ఒడ్డున మన కొండ మీదున్న తల్లిది. ఆ ఆరుగురిలో విశాఖ అమ్మాయి స్వాతి కూడా ఉందని పిన్ని మా వీధిలో చెప్పని ఇల్లు లేదు. అలాంటి తల్లికి మొక్కకుండా సముద్రంలోకి ఎలా వెళ్తారని నలుగురి చేతా 999 మెట్లూ ఎక్కించింది.

దర్శనం దాకా బాగానే జరిగింది. తిండి సామాన్లు కూడా ఇక్కడే కొని రైల్లో తీసుకెళ్దామన్న ఐడియా ఎవరిదో గానీ (పిన్నిదే), గొడవంతా అక్కడ మొదలైంది. ఆవిడకి పడవ సర్దే అనుభవం లేదనడానికీ లేదు, ఏటా కార్తీక పౌర్ణమికి అరటి దొప్ప పడవలో దీపం, తమలపాకు, వక్క పెట్టి తెల్లవారకముందే చెరువులో వదులుతుంది. వీళ్ల లెక్కలు వేరు. అట్టపెట్టెలు బోటు ఎక్కకూడదట, మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి. కోడిగుడ్లకి వాజలీన్ రాస్తే పెంకు రంధ్రాలు మూసుకుపోయి ఫ్రిజ్ లేకపోయినా వారాల తరబడి ఉంటాయని వాళ్లు వరండాలో కూర్చుని రాస్తుంటే, బాబాయ్ పేపరు దించి "వాటికి మడమలు గానీ పగిలాయా?" అన్నాడు. ప్రసాదం అరటిపళ్ల దగ్గర కెప్టెన్ గారు కాస్త నసిగారు, పడవలో అరటిపండు అశుభమని నావికుల నమ్మకం. పిన్ని చూసిన చూపుకి, పాపం, రెండు పళ్లు అక్కడికక్కడే మింగేశారు.

ఇక డబ్బాలు. రసగుల్లా, ఉడికించిన శనగలు, పుట్టగొడుగులు, అన్నీ ఒకే సైజు. సముద్రంలో లేబుళ్లు తడిసి ఊడొచ్చి, పడవ అడుగున చేరిన నీళ్లు తోడే పంపులో ఇరుక్కుంటాయి. అందుకని లేబుళ్లన్నీ ముందే పీకేసి, పర్మనెంట్ మార్కర్‌తో పేర్లు రాసి, హాయిగా గోపాలపూర్ బీచికి వెళ్లారు.

బజారు నుంచి వచ్చిన సరుకు, ఎవరెవరు ముట్టుకున్నారో ఏమో! కరోనా నాటి శానిటైజర్ క్యాను ఇంకా అటక మీద ఉంది. పిన్ని దాన్ని దింపి ప్రతి డబ్బానీ తళతళలాడేలా తుడిచింది. పర్మనెంట్ మార్కర్ నీళ్లకి పోదు గానీ ఆల్కహాల్ ముందు నిలవదు.

"అమ్మా, ఇవి తుడవమని ఎవరు చెప్పారు?" కెప్టెన్ గొంతు వణికింది.

"ఒకరు చెప్పేదేముంది బాబూ, కంటికి కనబడటం లేదూ మురికి!"

ఆ రాత్రి ఇల్లంతా డబ్బాలు ఊపుతూ కూర్చుంది. రసగుల్లా అయితే మెత్తగా కదులుతుందని బాబాయ్, కాదు బరువు చూడాలని మావాడు, ఇద్దరికీ గంటసేపు వాదన. తెరిచి చూద్దామంటే తెరిచింది పాడైపోతుంది. చివరికి ఏది ఏదో తెలియకుండానే మూట కట్టుకుని రైలెక్కారు.

మొన్న నడిసముద్రం నుంచి శాటిలైట్ ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. అలల ఊపులో, చీకట్లో, ఉల్లిపాయలూ మసాలా వేయించి శనగల డబ్బా అనుకుని గుమ్మరిస్తే మూకుడు నిండా రసగుల్లాలట.

పిన్ని రెండుసార్లు చదివించుకుని, "పోపులో ఇంగువ వేశారేమో అడుగు" అంది.