అట్లాంటిక్ వదిలినా అరెథా గొంతు తగ్గలేదు

అమెరికా గాయని అరెథా ఫ్రాంక్లిన్ పేరెత్తితే చాలు, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: 'అట్లాంటిక్ రికార్డ్స్‌ను వదిలిన రోజే ఆమె పని అయిపోయింది. ఆ తర్వాతవన్నీ డబ్బు కోసం పాడిన పాప్ పాటలు. గొంతు పోయింది, పాత పేరు మీద నెట్టుకొచ్చింది.' ఆ తర్వాతి రికార్డులను ఏళ్ల తరబడి వింటున్న నాకు ఇది పచ్చి అన్యాయంగా తోస్తుంది.

ముందు ఆ 'వదిలిన రోజు' సంగతి చూద్దాం. 1967లో అట్లాంటిక్ రికార్డుల కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌కు తీసుకెళ్లి పియానో ముందు కూర్చోబెట్టారు. ఆ ఏడాదే 'రెస్పెక్ట్' అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంతటి వైభవాన్ని నేనెందుకు కాదంటాను? కానీ వెక్స్‌లర్ 1975లోనే ఆ కంపెనీ నుంచి వెళ్లిపోయారు. 1976లో కర్టిస్ మేఫీల్డ్ పాటలతో వచ్చిన 'స్పార్కిల్' నిలబడింది గానీ, తర్వాతి ఆల్బమ్‌లను పట్టించుకున్నవారు తక్కువ. 1979 నాటి 'లా దివా' అయితే డిస్కో గాలికి కొట్టుకుపోయింది. పడిపోవడం జరిగింది పాత ఇంట్లోనే. గడప దాటాక పడ్డారనడం జరిగినదాన్ని తలకిందులు చేయడమే.

ఆ ఏడాది జూన్‌లోనే డెట్రాయిట్‌లో ఆమె తండ్రి, పాస్టర్ సి.ఎల్. ఫ్రాంక్లిన్‌ను ఇంట్లో చొరబడ్డ దొంగలు తుపాకీతో కాల్చారు. ఆయన కోమాలోనే ఉండి 1984 జులైలో కన్నుమూశారు. 1980లో క్లైవ్ డేవిస్ నడిపే అరిస్టా రికార్డుల కంపెనీలో చేరిన అరెథా తొలి నాలుగు ఆల్బమ్‌లు తండ్రి మంచంలో ఉన్న ఆ ఐదేళ్లలో వచ్చినవే. లూథర్ వాండ్రాస్ నిర్మించిన 'జంప్ టు ఇట్' 1982లో నల్లజాతి అమెరికన్ల సంగీతమైన ఆర్ అండ్ బీ పట్టికలో మొదటి స్థానం అందుకుంది. ఇంటి దగ్గర ఆ దుఃఖాన్ని పెట్టుకుని ఆమె ఆ పాటను ఎంత తేలికగా, ఎంత అల్లరిగా పాడారో వినండి.

ఇక 'డబ్బు కోసం పాప్' అనే నింద. 1985లో నారద మైకేల్ వాల్డెన్ నిర్మించిన 'హూజ్ జూమిన్ హూ?' ఆమెకు తొలి ప్లాటినం ఆల్బమ్. అట్లాంటిక్ ఏళ్లలో దక్కనిది అది. 1987లో జార్జ్ మైకేల్‌తో పాడిన యుగళగీతం 'రెస్పెక్ట్' తర్వాత 20 ఏళ్లకు ఆమెను మళ్లీ అమెరికా పాప్ శిఖరానికి చేర్చింది. మరి అంతటి గిరాకీ ఉన్న ఆ ఏడాదే ఆమె ఎక్కడికి వెళ్లారు? తండ్రి ప్రసంగించిన న్యూ బెథెల్ బాప్టిస్ట్ చర్చికి. అక్కడే ఒక పూర్తి గాస్పెల్ (చర్చి భక్తిగీతాల) ఆల్బమ్ రికార్డు చేశారు. డబ్బే లెక్క అయితే అది చేయవలసిన పని కాదు.

అరిస్టా పాటలన్నీ గొప్పవని అనను. కొన్నింట్లో యంత్రాల డ్రమ్ములు ఇప్పుడు చెవికి పాతబడ్డాయి. 1991 ఆల్బమ్ తేలిపోయింది. అయినా 1998లో 22 ఏళ్ల లారిన్ హిల్ రాసి నిర్మించిన 'ఎ రోజ్ ఈజ్ స్టిల్ ఎ రోజ్'లో ఆమె కొత్త తరం లయలో ఎంత సునాయాసంగా ఒదిగారో వింటే 'పాత పేరు' వాదన నిలవదు.

గొంతు పోయిందన్న మాటకు ఆ ఏడాది ఫిబ్రవరి నాటి గ్రామీ వేడుక ఒక్కటి చాలు. న్యూయార్క్‌లో ఆ రాత్రి ఇటలీ ఒపెరా గాయకుడు పవరొట్టి 'నెస్సున్ డోర్మా' అనే ఒపెరా పాట పాడాలి. గొంతు నొప్పితో రాలేనని ఆయన చివరి ఘడియలో కబురు పంపారు. అరెథాను అడిగారు. వాద్యబృందం స్వరలిపి అంతా పవరొట్టి శ్రుతిలోనే ఉంది, మార్చే వ్యవధి లేదు. ఆమె రిహార్సల్ టేపు విని, పురుష స్వరానికి రాసిన ఆ శ్రుతిలోనే పాడారు. ఒపెరాను అనుకరించలేదు. చర్చిలో సాగదీసినట్టు పదాన్ని సాగదీసి, చివరి స్వరాన్ని తనదైన దారిలో చేరుకున్నారు. సభంతా లేచి నిలబడింది.

2015 డిసెంబరులో, 73 ఏళ్ల వయసులో, వాషింగ్టన్‌లోని కెన్నెడీ సెంటర్‌లో గేయ రచయిత్రి కారొల్ కింగ్ ఎదుట ఆమె స్వయంగా పియానో వాయిస్తూ పాడారు. పాట సగం దాటాక పియానో వదిలి లేచారు, నేల మీద జీరాడుతున్న ఫర్ కోటును భుజాల మీంచి జారవిడిచి, చేతులెత్తి ఆఖరి స్వరాన్ని పట్టుకున్నారు. పై వరుసలో బరాక్ ఒబామా కన్ను తుడుచుకున్నారు.