మెయిన్ జాబ్ ఏంటి?

ఈసారి అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో సన్మానం ఐదుగురికి, తెచ్చిన శాలువాలు నాలుగు. ఆ నాలుగూ స్పాన్సర్లకే సరిపోయాయి. ఐదో మనిషి మన పిల్లల సాకర్ కోచ్. వేదిక మీద కాసేపు కంగారు. చివరికి స్పాన్సర్లలో ఒకాయన మంచి మనసుతో తన శాలువా తీసి ఇవ్వబోతే, కోచ్ "పర్లేదండీ, మీకే ఉంచండి" అని నవ్వి దిగిపోయాడు. తర్వాత కూచిపూడి ఐటెం ఉంది, టైం లేదు.

ఏర్పాట్లలో ఇలాంటివి జరుగుతుంటాయి, దానికి నేను తప్పుపట్టను. నన్ను గుచ్చింది అంతకుముందు గ్రీన్ రూంలో విన్న మాట. మన పెద్దాయన ఒకరు ఆ అబ్బాయిని ఆప్యాయంగానే అడిగారు.

"బాబూ, ఏం చేస్తుంటావు?"

"కోచింగ్ అంకుల్."

"అది సరేలే. మెయిన్ జాబ్ ఏంటి?"

అతను గోవాలో ఒక క్లబ్బుకి మూడు సీజన్లు జీతం తీసుకుని ఆడినవాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆట ఆపేసి, ఇక్కడికొచ్చి సాకర్ కోచ్‌లకిచ్చే డి లైసెన్స్ పూర్తి చేసి, దాని పైదైన సి కోసం చదువుతున్నాడు. ఇవేవీ చెప్పలేదు. "అదే అంకుల్" అని ఊరుకున్నాడు.

ఆ రోజు వేదిక వెనక మన బ్యానర్ మీద ఎప్పటిలాగే చార్మినార్ బొమ్మ ఉంది. ఆ ఊరివాడే సయ్యద్ నయీముద్దీన్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఎదిగి కలకత్తా వెళ్ళి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులకీ ఆడిన ఫుట్‌బాల్ డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్సీలో మనకి కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత ఇప్పటిదాకా ఇంకో పతకం లేదు. బూట్లు విప్పాక కోచ్ అయ్యారు. 1990లో ఆయన చేతికింద ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు టోర్నమెంట్లూ కొట్టింది. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య, రెండూ అందుకున్న మనిషి. ఆయనది తెలుగు కాదు కదా అంటారేమో. చార్మినార్ బొమ్మ వేసుకునేటప్పుడు ఈ లెక్క మనకి గుర్తురాలేదు.

ఆయనకంటే ముందు భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నిటికీ కోచ్ ఆయనే. జకార్తా నాటికే క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో పోయారు. రహీం సాబ్ మొదట బడిపంతులు. ఆయన సిటీ పోలీస్ జట్టులో ఆడేవాళ్ళకి పోలీసు ఉద్యోగం ఉండేది. అంటే ఆ రోజుల్లో మన అంకుల్ గారి ప్రశ్నకి జవాబుండేది, ఆటే కొలువు తెచ్చిపెట్టేది. తర్వాత్తర్వాత ఆ దారి మూసుకుపోతూ వచ్చింది, ఇళ్ళల్లో భయం మొదలైంది.

ఆ భయం నాకు బాగా తెలుసు. మాది సికింద్రాబాద్, నాన్న రైల్వేలో గుమాస్తా. నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని లాల్ బహదూర్ స్టేడియంకి మ్యాచ్‌లకి తీసుకెళ్ళింది ఆయనే. దారిలో రహీం సాబ్ కథలు చెప్పిందీ ఆయనే. పదో తరగతిలో నా బూట్లు అటక మీద పెట్టించిందీ ఆయనే. ఊరగాయ జాడీల వెనక, పాత బియ్యం సంచిలో చుట్టి. పరీక్షలయ్యాక ఆయనే నిచ్చెనేసుకుని దింపి, తడిగుడ్డతో తుడిచి నా ముందు పెట్టారు. కాళ్ళు పట్టలేదు. ఎడమ బూటులో మడమ సగం దిగి ఆగిపోయింది. నాన్న కాసేపు చూసి, "ఇంటర్‌లో కొత్తవి కొందాంలే" అన్నారు. ఆ రెండేళ్ళూ ఎంసెట్ కోచింగే. నాన్నని నేనెప్పుడూ అనలేదు. ఆయన జీతంలో ఆయన చేయగలిగింది అదే.

నాకు అలాంటి సాకు లేదు. అయినా మావాడు ఎనిమిదో గ్రేడ్‌కి రాగానే శనివారం ఆల్జీబ్రా క్లాసు పెట్టించి సీజన్ మధ్యలోనే మాన్పించాను. కోచ్ ఫోన్ చేశాడు. "ఎడమ కాలు ఇప్పుడిప్పుడే వస్తోందండీ, ఈ సీజన్ వరకైనా ఉంచండి." ప్రాక్టీసులో పిల్లల కుడి బూటుకి ఎర్ర రిబ్బన్ కట్టి, ఆ కాలు బంతికి తగిలితే ఫౌల్ ఇస్తాడు. మావాడు మొదటివారం గడ్డిలో పడుతూ లేస్తూ ఏడ్చాడు కూడా. రహీం సాబ్ హైదరాబాద్‌లో బలం లేని కాలితోనే ఆడాలని టోర్నమెంట్లు పెట్టేవారట. నాన్న సైకిల్ మీద చెప్పిన కథ, ఇన్నేళ్ళ తర్వాత మా కౌంటీ పార్కులో, ఎర్ర రిబ్బన్‌తో. అది చూసీ నేను మాన్పించాను.

స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె కట్టలేం, నిజమే. అందరి పిల్లలూ ఆటగాళ్ళు కారు, అదీ నిజమే. మావాడు కూడా కాడు. కానీ వారానికి మూడు సాయంత్రాలు మన పిల్లల్ని మనకంటే ఓపిగ్గా చూస్తున్న మనిషిని ఖాళీగా ఉన్నవాడిలా చూడకండి. దసరా కార్యక్రమం బ్రోచర్‌లో అతని పేరు కింద 'వాలంటీర్' అని వేయకండి, 'కోచ్' అని వేయండి. మైకు ఐదు నిమిషాలివ్వండి. "మన పిల్లలే కదా" అని ఫీజు దగ్గర బేరాలు మానండి. శాలువా ఈసారి నేను తెస్తాను.

పోయిన సీజన్ ఫీజు పూర్తిగా కట్టని ఇళ్ళు కొన్ని ఉన్నాయని విన్నాను. మధ్యలో మాన్పించాను కదా అని సగం ఎగ్గొట్టిన ఇల్లు అందులో మాది. ఈ వ్యాసం పంపే ముందు చెక్కు రాశాను.