సవరణ: శ్రీశైలం పాదయాత్రకు గైటర్లు

మార్కాపురం, దోర్నాల మీదుగా శివరాత్రికి శ్రీశైలం నడిచేవాళ్లు మోకాలిదాకా వచ్చే గైటర్లు (బూటు పైనుంచి పిక్కకు చుట్టుకునే తొడుగులు) సర్దుకోవాలని ఇంతకుముందు రాశాం. అది తప్పు, మార్చుకోండి. అవి బురదకు, మంచుకు పనికొచ్చే తొడుగులు. మాఘమాసం ఎండలో పిక్కలకు పట్టిన చెమట సాక్సుల్లోకి దిగుతుంది. నానిన చర్మం రాపిడికి మడమలు బొబ్బలెక్కుతాయి. పైగా బూటు అడుగున పోయే పట్టీ తారురోడ్డు మీద అరిగి తెగుతుంది.

బూట్లతో మట్టిదారిన నడిచేవాళ్లకు చీలమండ దాకా ఉండే పొట్టి రకం చాలు. గులకరాళ్లు, గడ్డిముళ్లు లోపలికి పోవు. ఘాట్‌ రోడ్డెక్కాక విప్పేయండి. చెప్పులతోనో, ఉత్తకాళ్లతోనో నడిచేవాళ్లకు ఏ రకమూ అక్కర్లేదు. పల్లేరుకాయ గుచ్చుకునేది అరికాల్లో! పొడుగు గైటర్ల బరువుకు బదులు బూట్లవాళ్లు రెండు జతల సాక్సులు, అందరూ ముల్లు తీసే పట్టకారు పెట్టుకోండి.