ఎండ ఉన్నప్పుడే మోటరు తిరగాలి

మా దేవరకొండ వైపు వెనకట బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు ఉండేవి. డీజిల్ బంద్ చేసినా పక్కనున్న బరువైన చక్రం కాసేపు అట్లనే తిరిగేది. ఇన్నాళ్లూ కరెంటు గ్రిడ్డును, అంటే స్టేషన్లనూ ఊళ్లనూ కలిపే లైన్ల వలను, కాపాడింది కూడా అట్లాంటి ఊపే. థర్మల్ స్టేషన్ టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. ఎక్కడో ఒక స్టేషన్ యూనిట్ ట్రిప్పయి ఆగిపోతే, మిగతావి అందుకునేదాకా ఈ ఊపే ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు అటూ ఇటూ ఊగే లెక్కను, 50 హెర్ట్జ్ నుంచి ఒక్కసారిగా పడిపోనివ్వదు. సోలార్ ప్లేటుకు ఆ చక్రం లేదు.

అందుకని సోలారే వద్దంటే నేను ఒప్పుకోను. పాలమూరు ఎండను వదులుకుంటామా? అసలు తిప్పలు పొద్దుగూకినంక. ప్లేట్ల కరెంటు పోతుంది, ఊళ్లో లైట్లు, టీవీలు వేస్తారు, దామరచర్లలో యాదాద్రి థర్మల్ స్టేషన్ 4,000 మెగావాట్లదే కావచ్చు కానీ బొగ్గు బాయిలర్ బల్బు కాదు, స్విచ్చేస్తే వెలగడానికి.

మరి మధ్యాహ్నం మిగిలే కరెంటును దాచేదెట్లా? దాచుకునే జాగా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. సాగర్ డ్యాం దగ్గర ఏడు యూనిట్లు, ఒక్కోటి 100 మెగావాట్ల పైచిలుకు, శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్లవి ఆరు. ఇవన్నీ రివర్సిబుల్, అంటే అవే మిషన్లు నీళ్లను తిరిగి పైకి ఎత్తిపోయగలవు. మధ్యాహ్నం ఎత్తిపోసి రాత్రి వదలాలి. కింద నీళ్లు నిల్వ ఉండాలి, రెండు రాష్ట్రాల నీళ్ల పంచాయితీ కొంచెం సద్దుమణగాలి, అదీ సంగతి.

ఇంకోటి మన చేతిలోనే ఉంది, బోరు మోటరును ఎండ ఉన్నప్పుడే తిప్పడం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, మంచిదే, కానీ కరెంటు రాగానే మోటరును దానంతటదే నడిపే ఆటో స్టార్టర్లు పోలేదు. లైన్ ట్రిప్పయి మళ్లీ రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్క దెబ్బకే లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కోటి మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. పైగా ఎండలేని అర్ధరాత్రి, నిండిన మడికి కూడా నీళ్లు పారుతూనే ఉంటాయి. ఒక యాసంగిలో మా ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలింది. లైన్‌మన్ ఇంటింటికీ తిరిగి ఆటోలు తీసేయమని బతిమాలాడు. ఎవరూ తీయలేదు, మేమూ తీయలేదు.

రైతును తిట్టడం సులువు. కరెంటు ఉంటుందన్న నమ్మకం లేకనే ఆటో పెట్టుకుంటాడు. మా నాన్న ఆ రోజు లైన్‌మన్‌ను ఒకటే అడిగాడు: "పగటిపూట తొమ్మిది గంటలు పోకుండ ఇస్తమని రాసియ్యి, ఇప్పుడే పీకేస్త." పాపం, ఆయన ఏం రాసిస్తాడు, టీ తాగి పోయాడు.