మేడ మీద యాగీ

విజయవాడ మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంటు మేడ మీద తిరిగే ఏంటెనా నిలబెట్టాలంటే ఇనప గొట్టం, దాన్ని లాగిపట్టే గై వైర్లు, తిప్పే రొటేటరు ఉంటే చాలనుకున్న అమాయకుణ్ణి నేను. సరదాకి దేశదేశాలవాళ్ళతో రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది. అసోసియేషన్ ఇవ్వొద్దూ?

ఏంటెనా పేరు వినగానే సభ సగం లేచింది. "యాగీనా? ఇప్పుడున్న యాగీ చాలదా?" ఎటు తిప్పితే అటే మాట్లాడే 1926 నాటి ఈ జపాను ఏంటెనాకి పని ఎక్కువగా చేసింది ఉడా అనే ఆయననీ, పేరు మాత్రం ఆయన ప్రొఫెసరు యాగీకి దక్కిందనీ వివరించాను. సెక్రటరీగారు వెంటనే మెత్తబడ్డారు. ఆ పద్ధతి ఆయనకి అలవాటే.

తరవాత రేడియేషన్. వాటర్ ట్యాంకు పక్కన సెల్ టవరు రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంది. కానీ అది నెలనెలా అద్దె కడుతుంది. అద్దె కట్టే టవరు నుంచి రేడియేషన్ రాదన్నది మా బిల్డింగులో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సైన్సు.

అసలు చిక్కు వాస్తుతో వచ్చింది. ఎత్తూ బరువూ ఉండాల్సింది నైరుతిలోనే కాబట్టి మాస్టు, అంటే ఏంటెనా మోసే గొట్టం, అక్కడే అన్నాను. సిద్ధాంతిగారు తలూపి, "మరి దాని ముఖం ఎటు?" అన్నారు. నిమిషానికో చుట్టు తిరుగుతుందండీ అన్నాను. మొహం తిప్పుకునే మనుషుల్ని చూశారట గానీ, మొహం తిప్పుకునే కట్టడాన్ని చూళ్ళేదట.

"అమెరికా వైపు తిప్పితే సరి," అని అందరూ పడమర చూపించారు. గ్లోబు తెప్పించి దారం పట్టాను. మన ఊరినుంచి దగ్గరి దారిలో న్యూయార్కు వాయవ్యానికి ఒరిగిన ఉత్తరం, కాలిఫోర్నియా ఈశాన్యానికి ఒరిగిన ఉత్తరం. డల్లాసైతే ధ్రువం మీదుగా దాదాపు నిఖార్సయిన ఉత్తరం! సభ నిశ్శబ్దమైపోయింది. 302 పిన్నిగారు కళ్ళొత్తుకున్నారు. "అయితే మావాడు కుబేరస్థానంలోనే ఉన్నాడన్నమాట!"

తీర్మానం ఏకగ్రీవం: ఏంటెనా పెట్టుకోవచ్చు, ఉత్తరం నుంచి కదపరాదు.

ఆటోనగర్‌లో లేత్ పట్టించిన క్లాంపు, గ్రీజు పెట్టిన బేరింగు, తిరిగేటప్పుడు తెగకుండా వదులుగా వదిలిన కేబులు చుట్ట, అన్నీ కదలకుండా కూర్చోడానికే. (ఆ పది మీటర్ల కడ్డీల మీద చీరలు ఆరేసుకోవచ్చా అని కూడా అడిగారు.) అందరూ పడుకున్నాక దొంగతనంగా జపాను వైపు తిప్పి, తెల్లారేలోపు డల్లాస్‌కి తెచ్చేసేవాణ్ణి.

మొన్న గాలివానకి క్లాంపులో మాస్టు జారి, ఏంటెనా తూర్పుకి పది డిగ్రీలు జరిగింది. అదే వారం మూడో అంతస్తులో ఎవరిదో వీసా ఆగింది. ఆదివారం పదింటికి అత్యవసర సమావేశం. నోటీసులో అంశం ఒక్కటే: యాగీ.