కేజీహెచ్‌కి ఒక లైబ్రేరియన్ కావాలి

మీరు డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి వైజాగ్ వచ్చినప్పుడు అడిగే మాటే: "ఆస్పత్రికి ఏం కావాలో చెప్పండి, పంపిస్తాం." మేమూ అలవాటుగా మిషన్ల లిస్టు చేతిలో పెడతాం. ఈసారి నవ్వకుండా వినండి. కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్) వార్డుల్లో తిరిగే ఒక మెడికల్ లైబ్రేరియన్‌కి మూడేళ్ల జీతం ఇప్పించండి.

లైబ్రరీ ఉందిగా అంటారు. కేజీహెచ్‌కి అనుబంధమైన, 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి లైబ్రరీ ఎందుకుండదు? పరీక్షల ముందు పీజీల కాపురం అక్కడే. నేనడుగుతున్నది వేరు. డాక్టర్లతో పాటు వార్డుల్లో రోగులను చూసే రౌండ్స్‌కి వెళ్లి, అక్కడ తేలని ప్రశ్న రాసుకుని, సాయంత్రానికల్లా దానికి పనికొచ్చే పరిశోధనలు ఏరి తెచ్చే మనిషి. 1970ల మొదట్లో గెర్ట్రూడ్ లాంబ్ అనే లైబ్రేరియన్ కాన్సస్ సిటీలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మీలో డాక్టర్లకు కొత్తేమీ కాదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్మేసింది. వందల మందిని ఆస్పత్రులకు తరలించారు. స్టైరీన్‌కి ప్రత్యేకంగా విరుగుడు లేదు, లక్షణాలను బట్టి వైద్యం చేయాల్సిందే. ఊపిరితిత్తుల్ని, కాలేయాన్ని ఎన్నాళ్లు గమనించాలి, గర్భిణులకు ఏం చెప్పాలి? ఇవన్నీ ఫ్యాక్టరీ కార్మికుల ఆరోగ్యం మీద వచ్చిన పాత వ్యాసాల్లో తవ్వి తీయాలి. స్ట్రెచర్ల మధ్య పరుగెత్తే డాక్టర్‌కి అంత తీరికెక్కడిది? రిఫైనరీ, స్టీల్ ప్లాంట్, పరవాడ ఫార్మా సిటీ అన్నీ పెట్టుకున్న ఊరు మనది. ఇలాంటి ప్రశ్న మళ్లీ రాదని ఎవరూ అనలేరు.

గూగుల్ చాలదా అంటే, 2001లో జాన్స్ హాప్‌కిన్స్‌లో జరిగింది చూడండి. ఉబ్బసం పరిశోధనలో భాగంగా హెక్సామెథోనియం అనే మందు పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు చేసే హాని గురించి 1950ల వ్యాసాల్లోనే ఉంది. పరిశోధకుడు వెతికిన పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచికలో అప్పటికి 1966 తర్వాతి వ్యాసాలే ఉండేవి. పబ్‌మెడ్‌లో ఏముందో ఎవరైనా చూస్తారు. ఏం లేదో తెలిసి, పాత సూచికలు తిరగేయడం లైబ్రేరియన్ చదువు. ఇప్పుడు మా కుర్ర డాక్టర్లు ఏఐని అడుగుతున్నారు. అది అసలు లేని వ్యాసాన్ని కూడా ఉన్నట్టు పేజీ నంబరుతో సహా చెప్పేయగలదు!

1992లో అమెరికాలోని రోచెస్టర్‌లో 200 మందికి పైగా డాక్టర్లను అడిగితే, లైబ్రరీ ఇచ్చిన సమాచారం వల్ల కేసును వేరే విధంగా చూశామని దాదాపు 80 శాతం మంది చెప్పారు. వాళ్ల గురించి వాళ్లు చెప్పుకున్న లెక్కే అనుకోండి. సగానికి సగం కొట్టేసినా తక్కువేం కాదు.

పత్రికల చందాలకు మీ డబ్బు అవసరం తగ్గింది. 2025 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. కొరతల్లా వెతికి పెట్టే మనిషికే. లైబ్రరీ సైన్స్ చదివిన పిల్లలు ఆంధ్రా యూనివర్సిటీ నుంచే వస్తున్నారు, వైద్యం మాటలు, రౌండ్స్ పద్ధతి నేర్పితే చాలు. ఆస్పత్రి అధికారులను ఒప్పించే తిప్పలు మేం పడతాం. మీరు మీ ఆస్పత్రి లైబ్రేరియన్‌ని వారానికో గంట ఆన్‌లైన్‌లో పాఠం చెప్పమని అడగండి. మాకు సాయంత్రం ఏడంటే న్యూజెర్సీలో పొద్దున్నే, కుదురుతుంది.